రెండు పక్కటెముకలు

రామన్నకు అబద్ధాలాడటం చేతకాదు. చేతకాని పని ఎంత తక్కువ చేస్తే అంత మంచిదని ఆయనకూ తెలుసు. అందుకే అరవై ఏడేళ్ల బతుకులో చెప్పుకోదగ్గ అబద్ధం ఒక్కటే ఆడాడు. అది కట్టుకున్న భార్యతో ఆడాడు. ఆడి ఊరుకున్నా బాగుండేది. దాన్ని తీసుకుపోయి పెట్ స్కాన్ తీసే చోట కూడా ఆడాడు. చిక్కంతా అక్కడ వచ్చింది.

శివరాత్రికి ఇంకా వారం ఉంది. కొండాపూర్ దాటాక ఒక పెద్ద ఆసుపత్రి, దాని కింది అంతస్తులో స్కానింగ్ విభాగం. రామన్న, ఆయన భార్య నీలమ్మ, కూతురు జ్యోత్స్న మూడు కుర్చీల్లో వరసగా కూర్చున్నారు. జ్యోత్స్న మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. జబ్బు బయటపడటం ఆ కంపెనీ పుణ్యమే. ఉద్యోగుల తల్లిదండ్రులకు ఏడాదికోసారి ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయిస్తారు. నాలుగేళ్లుగా "నాకేం రోగం" అంటూ తప్పించుకుంటున్న తండ్రిని ఈసారి కూతురు చెప్పాపెట్టకుండా కారెక్కించి తీసుకుపోయింది. నెత్తురు పరీక్షలో పీఎస్‌ఏ అనే అంకె నాలుగు దాటకూడదట. రామన్నకు పద్దెనిమిది ఉంది. ఆ తర్వాత సూదితో ముక్క తీసి చూస్తే ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలింది. అది మెల్లగా నడిచే రకం కాదని కూడా తేలింది.

ఆ క్యాన్సర్ గ్రంథిలోనే ఉందా, దాటి ఎక్కడికైనా పాకిందా అని చూడటానికే ఈ స్కాన్. పాకకపోతే ఆపరేషన్ చేసి గ్రంథిని తీసేస్తారు, మనిషి బాగుపడతాడు. పాకితే లెక్క వేరు. ముగ్గురికీ ఈ సంగతి తెలుసు. ముగ్గురూ ఆ రెండో మాట ఎత్తకుండా ఏసీ చల్లగా ఉందని మాట్లాడుకుంటున్నారు.

స్కాన్ తీసే ప్రవీణ అనే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. కాకినాడ వైపు పిల్ల, మాట మెత్తన.

"బాబాయి గారూ, షుగర్ ఏమైనా ఉందాండీ?"

"లేదు బిడ్డా."

"ఇంతకుముందు ఆపరేషన్లు?"

"లే."

"ఈ రెండు మూడేళ్లలో ఎక్కడైనా పడ్డారాండీ? గట్టి దెబ్బ తగలడం, ఎముక విరగడం లాంటివి?"

రామన్న నోరు తెరిచాడు. ఒంటి మీద లోహం ఉండకూడదన్నారని, పక్కనే నీలమ్మ ఆయన నడుము నుంచి తీసిన వెండి మొలతాడును కొంగున ముడేసుకుంటోంది. తెరిచిన నోరు ఇంకో దారి పట్టింది.

"పడుడా? నేనా? నేనెందుకు పడ్త? ఏం పడలే."

నీలమ్మ తలెత్తి సాక్ష్యం కూడా చెప్పింది. "మా ఆయన చెట్టెక్కుడు బంజేసి ఆరేండ్లాయె. భూమ్మీద నడిచేటోడు ఏడ పడ్తడమ్మా!"

ప్రవీణ 'లేదు' అన్నచోట వేలితో నొక్కింది. తేలు కుట్టిన దొంగ అరవలేడు, అరవకుండా ఉండలేడు. రామన్న నేల మీది తెల్ల బండలు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

నీలమ్మ గొప్పగా చెప్పుకున్న ఆ 'బంజేసుడు' వెనక ఒక చావు ఉంది. రామన్నది కల్లుగీత ఇల్లు. నల్లగండ్ల, గోపన్‌పల్లి పొలాల్లో అద్దాల మేడలు మొలవక ముందు, రోజూ పొద్దున్నే నడుముకు మోకు చుట్టుకుని ఇరవై ముప్పై తాడిచెట్లు ఎక్కి దిగేవాడు. ఆరేళ్ల కిందట ఆయన పెద్దన్న చెట్టు మీది నుంచి పడి అక్కడికక్కడే పోయాడు. దినాలు అయిన మర్నాడు నీలమ్మ భర్తను ఎల్లమ్మ గుడికి తీసుకుపోయింది. దీపం ముందర నిలబెట్టి, ఆయన చేయి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది. "ఇగ చెట్టెక్కితే నా మీద ఒట్టు" అంది. రామన్న ఆ రోజే మోకు అటక మీద పడేశాడు. ఆ తర్వాత చందానగర్‌లో కట్టుకున్న ఇంట్లో కింది వాటా కిరాయికిచ్చి, పొద్దుటిపూట పేపరు, సాయంత్రం పార్కు అన్నట్టుగా బతికాడు. ఐదేళ్లు మాట నిలుపుకున్నాడు. అబద్ధమేమీ లేదు.

పోయిన ఎండాకాలం ఒకరోజు, తమ పాత చెట్లలో మిగిలిన ఐదింటినీ మర్నాడు కొట్టేస్తున్నారని కబురు తెలిసింది. ఆ భూమి ఎప్పుడో చేతులు మారింది, అక్కడేదో టవర్ లేస్తుందట. చూసి వద్దామని పోయాడు. చూసి వచ్చేవాడే. కానీ ఆ ఐదింటిలో ఒకటి, పద్నాలుగేళ్ల వయసులో తండ్రి తనకు మొదట ఎక్కడం నేర్పిన చెట్టు. అక్కడ గీసేవాడెవడో భోజనానికి పోతూ మోకు చెట్టు మొదట్లో వదిలి పోయాడు. ఆ మోకు చేతిలోకి తీసుకుంటే నెత్తిన పెట్టిన ఒట్టు గుర్తుండదా అని మీరు అడగవచ్చు. గుర్తుంది. గుర్తుండే ఎక్కాడు. అదే ఆయన ఇప్పటికీ తనను తాను క్షమించుకోలేని సంగతి.

మోకు ఎవరి నడుము కొలతకు వాళ్లది ఉండాలి. అది లావుపాటి మనిషిది. రామన్న నడుముకు వదులైంది. రెండు నిలువుల ఎత్తు పోయేసరికి జారింది. ఎడమపక్కగా మొదట్లో ఉన్న రాయి మీద పడ్డాడు. కాసేపు ఊపిరి అందలేదు. అందాక లేచి, దుమ్ము దులుపుకుని, ఆటో పట్టుకుని శంకర్‌పల్లి దగ్గర ఎముకలు చూసే ముసలాయన దగ్గరికి పోయాడు. ఆ ముసలాయన పక్కలు తడిమి, "రెండు బొక్కలు పగిలినయ్. వీటికి కట్టు ఉండది. నవ్వకు, తుమ్మకు, బరువెత్తకు. అవే అతుకుతయ్" అని చెప్పి పంపాడు. ఎక్స్‌రే లేదు, కాగితం లేదు.

ఇంటికొచ్చిన మనిషి వంగలేక, లేవలేక అవస్థ పడుతుంటే నీలమ్మ అడగదా? అడిగింది. "గ్యాసు పట్టింది" అన్నాడు. ఆ జీవితకాలపు అబద్ధం ఇదే. నీలమ్మ నమ్మి, పూటకో లోటా చొప్పున నెల రోజులు వాము నీళ్లు కాచి తాగించింది. రామన్నకు వాము వాసనే గిట్టదు. నోరెత్తకుండా తాగాడు. నెల తిరిగేసరికి ఎముకలు అతుక్కున్నాయి. గ్యాసు తగ్గిందన్నాడు. ఇంకేముంది, ఆ వీధిలో నీలమ్మ పేరు మారుమోగిపోయింది. ఎవరి కడుపులో ఏ మూల నొప్పి లేచినా వాము నీళ్లే. పక్కింట్లో భీమవరం నుంచి వచ్చిన సుబ్బలక్ష్మి గారైతే ఇప్పటికీ పొద్దున్నే వాము నీళ్లు తాగనిదే కాఫీ ముట్టదు.

ఇక్కడితో ఆగినా రామన్న ఎప్పుడో ఒకరోజు నవ్వుకుంటూ చెప్పేసేవాడు. కానీ ఎముకలు అతుక్కున్నాక, వానలు పడుతుండగా నీలమ్మకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. నాలుగు రోజులు ఐసీయూ. ఆ తలుపు బయట ఇనుప కుర్చీలో కూర్చుని రామన్న ఒకటే అనుకున్నాడు. ఆమె నెత్తిన ఒట్టు పెట్టాను, తప్పాను, ఇప్పుడు అది ఆమెను కొట్టింది. నీలమ్మ బతికి బయటపడింది. ఆ రోజు నుంచి ఆ మాట ఆయన నోట్లోంచి రావడం అసాధ్యమైపోయింది. ఇప్పుడు క్యాన్సర్ అనేసరికి, ఎల్లమ్మ తల్లి ఆలస్యంగానైనా అసలు దొంగను పట్టుకుందని నిశ్చయించుకున్నాడు.

స్కాన్ గదిలో ప్రవీణ చేతి నరానికి మందు ఎక్కించింది. "ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు ఒంట్లో ఎక్కడున్నా ఈ మందు వెళ్లి పట్టుకుంటుందండీ. మెషీన్‌లో ఆ చోటు మెరుస్తుంది" అని చెప్పి, ఒక గంటసేపు ఒంటరిగా కూర్చోబెట్టింది. మందు ఒళ్లంతా పాకేదాకా ఆగాలట, అందులో రేడియేషన్ ఉంటుంది కాబట్టి పక్కన ఎవరూ ఉండకూడదట. తర్వాత మిషన్ బల్ల మీద పడుకోబెట్టి చేతులు తల మీదికి పెట్టించింది. చేతులు ఎత్తగానే ఎడమపక్క కలుక్కుమంది. నీలమ్మ బయట ఉంది, లోపల చెప్పేయవచ్చు. కానీ క్యాన్సర్ కింద ఉంది, ఎముకలు పైన ఉన్నాయి, దానికీ దీనికీ ఏం సంబంధం అనుకున్నాడు రామన్న. కదలొద్దన్నారు కదా అని కళ్లు మూసుకున్నాడు.

సంబంధం ఏమిటో గురువారం తెలిసింది.

డాక్టర్ ఉదయ్ భాస్కర్ గుంటూరు మనిషి. మాటల్లో తొందర ఉండదు. స్క్రీన్ వాళ్ల వైపు తిప్పి చూపించాడు.

"ప్రోస్టేట్‌లో ఉందని మనకు తెలిసిందే. పక్కనున్న గ్రంథుల్లో లేదు, కాలేయంలో లేదు, వెన్నులో లేదు. చాలా సంతోషం. ఒక్క అనుమానం మిగిలింది. ఎడమవైపు ఎనిమిది, తొమ్మిది నంబర్ల పక్కటెముకలు. అక్కడ కూడా కొద్దిగా మెరిసింది."

జ్యోత్స్న స్క్రీన్ దగ్గరికి వంగింది. "అంటే బోన్స్‌లోకి వచ్చిందా డాక్టర్?"

"అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. పక్కటెముకల దగ్గర ఈ స్కాన్ అప్పుడప్పుడు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. దెబ్బ తగిలి అతుక్కుంటున్న ఎముకలో కూడా ఈ మందు కొంత చేరుతుంది. అందుకే అడుగుతున్నా. రామన్న గారూ, మీరెప్పుడైనా పడ్డారా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు రామన్న చేయి తనంతట తాను ఎడమ పక్క మీదికి పోయింది. నోరు తెరిచేలోపే నీలమ్మ అందుకుంది.

"లేదు సారూ. నా మీద ఒట్టు వెట్టుకున్నడు. ఆరేండ్ల సంది చెట్టు మొకం చూడలే. నా మొగుడు మాట తప్పే మనిషి కాదు."

అలా అంటూ ఆమె భర్త వైపు చూసిన చూపులో ఎంత నమ్మకం ఉందంటే, ఆ నమ్మకం ముందర నిజం చెప్పడం కంటే క్యాన్సర్‌తో చావడమే సులువనిపించింది రామన్నకు. మగవాళ్లకు ఇలాంటి తెలివితక్కువ ఆలోచనలు సరిగ్గా ఇలాంటప్పుడే వస్తాయి.

"లేదు సార్" అన్నాడు.

డాక్టర్ ఆయన చేయి ఎక్కడుందో ఒక్క క్షణం చూశాడు. "సరే. అయితే తొందరపడి ఆపరేషన్‌కి వెళ్లలేను. ఎముకల్లో ఉంటే గ్రంథి తీసేసి లాభం లేదు. ఇంజెక్షన్లు, మాత్రలతో అదుపులో పెట్టడమే, పూర్తిగా నయం చేస్తానని చెప్పలేను. సోమవారం ఆ ఎముకలోకి సూది పెట్టి ముక్క తీద్దాం." లేచి తలుపు దాకా వచ్చి, "ఈలోపు ఏమైనా గుర్తొస్తే నా దగ్గరికి రండి. శనివారం కూడా ఉంటాను" అని రామన్నకు మాత్రమే చెప్పినట్టు చెప్పాడు.

ఆ రెండు రోజులూ ఇల్లు ఇల్లులా లేదు. జ్యోత్స్న మీటింగులన్నీ ఇంటి నుంచే పెట్టుకుని, మధ్యమధ్య బాత్రూంలోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చేది. నీలమ్మ ఒక్కపొద్దు పట్టింది. ఎముకల్లో ఏమీ లేదని తేలితే కాలికి చెప్పు లేకుండా నడిచిపోయి ఎల్లమ్మకు బోనం ఎత్తుతానని మొక్కుకుంది. శుక్రవారం మధ్యాహ్నం రామన్న మంచినీళ్లకని వంటింట్లోకి పోతే, ఆమె గోడ వైపు తిరిగి, చప్పుడు కాకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. స్టవ్ మీద పాలు పొంగి పోతున్నాయి. నలభై రెండేళ్ల కాపురంలో ఆమె పాలు పొంగనివ్వడం ఆయన చూడలేదు.

రామన్న స్టవ్ ఆర్పి, నీళ్లు తాగకుండానే వెనక్కి వచ్చాడు.

శనివారం పొద్దున్నే "కటింగ్ చేయించుకొస్త" అని చెప్పి బయటపడ్డాడు. భార్యతో ఇది రెండో అబద్ధం. మంగలి షాపు ముందు నుంచే ఆటో పోనిచ్చి, ఆసుపత్రి దగ్గర దిగి, డాక్టర్ గదిలో కూర్చుని మొత్తం కక్కేశాడు. చెట్టు, మోకు, రాయి, ముసలాయన, వాము నీళ్లు, డెంగీ. ఏదీ దాచలేదు.

ఉదయ్ భాస్కర్ మధ్యలో ఒక్కసారే ఆపాడు. "ఎన్ని నెలలైంది?"

"తొమ్మిది, పది."

డాక్టర్ ఫోన్ తీసి, స్కాన్ రిపోర్టు రాసిన డాక్టరుతో మాట్లాడాడు. ఇద్దరూ చెరో స్క్రీన్ ముందు అవే బొమ్మలు తెరిచి పెద్దవి చేసి చూశారు. రామన్నకు అర్థం కాని ఇంగ్లీషు చాలాసేపు నడిచింది. ఆయనకు అర్థమైంది డాక్టర్ ముఖం ఒక్కటే. అది మెల్లమెల్లగా వదులైంది.

ఫోన్ పెట్టేసి స్క్రీన్ మీద వేలు పెట్టాడు. "ఇటు చూడండి. రెండు మచ్చలూ ఒకదాని కింద ఒకటి, ఒకే వరసలో ఉన్నాయి. పడినప్పుడు ఎముకలు ఇలాగే పగులుతాయి. ఇక్కడ సన్నగా ఉబ్బినట్టు కనిపిస్తోందే, అది అతుకు. మొన్న 'పడలేదు' అని మీరే రాయించారు కాబట్టి వాళ్లు అనుమానం రాశారు. ఇప్పుడు రిపోర్టు సరిచేస్తారు. సోమవారం సూది అక్కర్లేదు. నేరుగా ఆపరేషన్‌కి వెళ్దాం."

"అంటే... ఎముకల్ల లేదా సార్?"

"లేదనే నా నమ్మకం. నూటికి నూరు ఎప్పుడంటానంటే, ఆపరేషన్ తర్వాత మీ పీఎస్‌ఏ అడుగంటితే. ఎముకల్లో క్యాన్సర్ మిగిలి ఉంటే ఆ అంకె అడుగంటదు."

రామన్న రెండు చేతులతో ముఖం కప్పుకుని పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తుంటే పక్కటెముకలు కదిలాయి. ఆ నొప్పి అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు. ఏడుపు తెరిపిచ్చాక రెండు చేతులూ జోడించాడు.

"సార్, మా ఆమెకు మాత్రం చెప్పకుండ్రి."

"నేను చెప్పను. మీ సంగతి మీది" అన్నాడు డాక్టర్. "కానీ ఎముకల్లో లేదని ఆవిడకు ఎలా చెప్తారు? మొన్న ఉన్నది ఇవాళ ఎలా పోయిందని అడగరాండీ? అడిగితే ఏమంటారు, గ్యాసంటారా?"

రామన్న లేచి, బయటకొచ్చి ఆటో ఎక్కాడు. నిజం చెబితే తప్ప ఆమె ఆ కొంగు నోట్లోంచి తీయదు. ఇంత సంతోషాన్ని ఒక్కడే మోసుకుంటూ తిరగడం తన వల్ల కాదని ఆటో చందానగర్ చేరేసరికి తేలిపోయింది. ఇంటి గేటు తీస్తుంటే నీలమ్మ ముంగిట్లోనే ఎదురైంది. ఆయన తల వైపు చూసింది.

"కటింగ్ ఏదయ్యా?"

మొదటే చెప్పాను కదా, ఆయనకు అబద్ధాలు చేతకావు. కటింగ్ అని చెప్పి పోయినవాడు తిరిగొచ్చేటప్పుడైనా షాపులో కూర్చోవాలా వద్దా!

"నీలా, లోపటికి రా. కూసో. ఒక ముచ్చట చెప్పాలె."

ఆమె లోపలికైతే వచ్చింది కానీ కూర్చోలేదు. "డాక్టర్ ఫోన్ చేసిండా?"

"నేనే పోయిన. ఎముకల్ల క్యాన్సర్ లేదన్నడు. ఆపరేషన్ చేస్తరట."

నీలమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చుంది. "లేదా? నిజంగ లేదా?" అని రెండుమూడుసార్లు అడిగింది. కళ్లు తుడుచుకుంది. అప్పుడు డాక్టర్ చెప్పినట్టే అయింది. "మరి మొన్న మెరిసిందన్నరు గద. ఏందది?"

"పగిలిన బొక్క అట. అతుక్కున్న కాడ గట్ల మెరుస్తదట."

"ఎవరి బొక్క?"

"నాదే."

"నీది ఎప్పుడు పగిలింది?"

"వాము నీళ్లప్పుడు."

నీలమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె అడిగిన మొదటి మాట ఆయన అనుకున్నది కాదు. "ఎంత ఎత్తు మీదికెల్లి పడ్డవ్?"

"రెండు నిలువులు."

"మీ అన్న పడ్డప్పుడు నువ్వే ఎత్తుకొస్తివి గద. ఆ మనిషిని చూసి గూడ ఎక్కితివా?" అని ఆమె బోరుమంది. పైగదిలో మీటింగులో ఉన్న జ్యోత్స్న చెవుల్లో ఇయర్‌ఫోన్లతోనే పరుగెత్తుకొచ్చి మెట్ల మీద ఆగిపోయింది. రామన్న ఇక దాచి లాభం లేదని మిగతాది కూడా చెప్పేశాడు. ఒట్టు తప్పినందుకే నీకు డెంగీ వచ్చింది, నా పాపం నిన్ను కొట్టింది, అందుకే చెప్పలేకపోయానని తలొంచుకుని చెప్పాడు.

నీలమ్మ ఏడుపు ఆపేసింది. భర్త వైపు అదోలా చూసింది.

"ఎల్లమ్మ తల్లి దోమలు సాకుతదా?"

"ఆఁ?"

"వెనక ప్లాట్ల నీళ్లు నిలిచి గల్లిల ఆరుగురికి డెంగీ వచ్చింది. సుబ్బలక్ష్మమ్మకు వచ్చింది, కిరాయికున్న పిల్లకు వచ్చింది. ఆళ్ల మొగోళ్లందరు గూడ తాడెక్కిండ్రా? దోమ కుడితె వచ్చిన జరాన్ని మెడకు కట్టుకుని ఇన్ని దినాలు తిరిగినవా? నా మీద ఒట్టు ఎందుకు వెట్టినయ్యా? నువ్వు బతకాల్నని వెట్టిన. నాకు చెప్పకుంట చావుమని వెట్టలే."

రామన్న ఏదో అనబోయాడు. ఆమె అననివ్వలేదు.

"అంతా ఒక ఎత్తు, ఈ వాము నీళ్లు ఒక ఎత్తు. నెల దినాలు! నేను కాచుడు, నువ్వు తాగుడు! గల్లి గల్లంత తాగిపిచ్చిన గదా! రేపు సుబ్బలక్ష్మమ్మకు ఏమని మొకం చూపియ్యాలె?"

"ఆమెకు కడుపునొప్పి తగ్గింది గద?" అన్నాడు రామన్న భయం భయంగా.

నీలమ్మ ఆలోచించింది. "తగ్గింది" అని ఒప్పుకుంది.

మెట్ల మీద జ్యోత్స్నకు ముందు నవ్వొచ్చింది. తర్వాత నీలమ్మకు వచ్చింది, కళ్లలో నీళ్లు ఉండగానే వచ్చింది. ఆఖరికి రామన్న నవ్వాడు. తొమ్మిది నెలల కిందట ముసలాయన నవ్వొద్దన్నాక, ఆయన కడుపారా నవ్వడం అదే మొదలు.

అంతటితో క్షమించేసిందని అనుకోకండి. ఆ తర్వాత రెండు రోజులు నీలమ్మ భర్తతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా కూతురితో చెప్పి పంపింది. అటక మీది మోకు దింపి, ముక్కలుగా కోసి చెత్త బండికి వేసింది. మూడో రోజు చెప్పుల్లేకుండా నడిచిపోయి బోనం సమర్పించింది. రామన్నను కూడా ఉత్త కాళ్లతోనే వెంట నడిపించింది. ఆ శిక్ష ఆయనకు న్యాయంగానే తోచింది.

ఉగాది ముందర ఆపరేషన్ అయింది. గ్రంథి తీసేశారు. కొన్నాళ్లు మూత్రం ఆగక ఇబ్బంది పడ్డాడు. ఆ సంగతి కూడా దాచబోతే నీలమ్మ "ఇది గూడ గ్యాసేనా?" అంది. ఇంకెప్పుడూ దాచలేదు. డాక్టర్ నేర్పిన వ్యాయామం చేస్తూ చేస్తూ అదీ దారికొచ్చింది.

ఆరు వారాలకు పీఎస్‌ఏ పరీక్ష. ఫలితం చూపించుకోవడానికి పోయినప్పుడు, బయట ఒక నర్సు మళ్లీ కాగితం పట్టుకుని వచ్చింది. షుగర్ ఉందా, ఆపరేషన్లు అయ్యాయా, పడ్డారా, దెబ్బలు తగిలాయా? రామన్న నోరు తెరిచేలోపే ఎప్పటిలాగే నీలమ్మ అందుకుంది.

"పడ్డడు. రాసుకో బిడ్డా. తాడిచెట్టు మీదికెల్లి పడ్డడు. ఎడమ దిక్కు రెండు బొక్కలు. పోయిన ఎండాకాలం."

నర్సు రాసుకుంది. నీలమ్మ తొంగి చూసి, రాసిందో లేదో జ్యోత్స్నతో చదివించుకుంది కూడా.

లోపల ఉదయ్ భాస్కర్ కాగితం చూసి నవ్వు దాచుకోలేదు. "పాయింట్ సున్నా రెండు. అంటే ఏమీ లేనట్టేనండీ. ఇంత కిందికి దిగిందంటే ఎముకల్లో లేదనే అర్థం. ఇప్పుడు నూటికి నూరు అంటున్నా. అది దెబ్బే."

ముగ్గురూ బయటకు వచ్చారు. జ్యోత్స్న కారు తేవడానికి సెల్లార్‌లోకి దిగింది. ఆసుపత్రి ముందు నీడలో రామన్న, నీలమ్మ నిలబడ్డారు. ఎదురుగా ఆఫీసులు వదిలే వేళ, రోడ్డంతా హారన్ల మోత. నీలమ్మ కొంగు ముడి విప్పి వెండి మొలతాడు తీసింది. స్కాన్ రోజు తీసిన మొలతాడు, పీఎస్‌ఏ అంకె అడుగంటేదాకా తిరిగి కట్టనని పట్టుబట్టి దాచింది. ఇంటికి పోయేదాకా ఆగలేక, అక్కడే ఆయన చొక్కా కింద చేయి పెట్టి నడుముకు చుట్టింది. చుట్టిన చేయి పైకి పోయి ఎడమ పక్క మీద ఆగింది.

"ఈడ్నేనా?"

"జర కిందికి. ఆఁ, ఈడ్నే."

ఆమె వేళ్లు ఆ రెండు ఎముకలనూ వెతికి పట్టుకున్నాయి. "ఇంకా నొస్తదా?"

లేదని చెప్పబోయాడు రామన్న. ఆగి, "చల్లగాలికి జర గుంజుతది" అన్నాడు.

"రాత్రి ఆవనూనె వెచ్చజేసి రాస్త" అంది నీలమ్మ. చేయి మాత్రం కారు వచ్చేదాకా అక్కడి నుంచి తీయలేదు.